గోడ గింజలు

మర్యాద చేసి కూడా మనిషి కళ్లు కప్పవచ్చని నాకు ఇరవై నాలుగేళ్లు వచ్చాక తెలిసింది. కప్పినవాళ్లకు ఆ సంగతి తెలియదు. పొంగిపోయిన నాకూ తెలియదు. అందుకే అది ఏడు ఊళ్ల దాకా సాగింది.

నా పేరు లూదియా. రెండువేల ఆరులో నంద్యాలలో ఒక ప్రైవేటు ల్యాబులో ఫీల్డు అసిస్టెంటుగా పనిచేసేదాన్ని. కెమిస్ట్రీతో డిగ్రీ చదివాను కాబట్టి ల్యాబులో పని దొరికింది. మాలపల్లె నుంచి వచ్చాను కాబట్టి ఫ్యాను కింద కూర్చునే పని కాక ఎండలో ఊళ్లు తిరిగే పని దొరికింది. ఆ ఎండాకాలం మా సారు నా చేతికి కొత్త సరుకు ఇచ్చాడు. బెంగుళూరు నుంచి వచ్చిన పట్టీలు. వేలెడంత పొడుగు, కాగితమంత పలచన. ఇంకా బజారులోకి రాలేదు, ఎంతవరకు పనికొస్తాయో చూస్తున్నారు. గింజలకు బూజు పడితే వాటిలో ఒక విషం పుడుతుంది. అది కంటికి కనపడదు, కడిగితే పోదు, ఉడికించినా చావదు. ఆ విషం ఉందో లేదో ఈ పట్టీ పావుగంటలో చెబుతుంది.

పని సులువే. గింజలు మెత్తగా దంచాలి. పిండిని స్పిరిట్ కలిపిన నీళ్లలో వేసి బాగా కుదపాలి. పైకి తేరిన నీళ్లు నాలుగు చుక్కలు పట్టీ మీద వేసి ఆగాలి. తర్వాత పట్టీని ఒక నల్ల డబ్బాలో పెట్టి, అందులోని ఊదారంగు దీపం వేసి, పైనున్న కంతలోంచి చూడాలి. పట్టీ మీద రెండు గీతలుంటాయి. పై గీత ఎప్పుడూ మెరవాలి. మెరవకపోతే పట్టీయే చెడిపోయిందన్నమాట. కింది గీత మెరిస్తే గింజలు మంచివి. మెరవకుండా చీకటిగా ఉండిపోతే గింజల్లో విషం ఉంది. అందరూ తికమక పడేది ఇక్కడే. విషం ఉంటే కదా మెరవాలి, లేనప్పుడు ఎందుకు మెరుస్తుందని మా సారే మొదటి రోజు కాగితం రెండుసార్లు చదువుకున్నాడు.

నన్ను పంపింది జొన్న పాతరల మీదికి. పాతరంటే రైతు వాకిట్లో బావిలాగా తవ్విన గుంత. మూతి ఇరుకు, లోపల వెడల్పు. గోడలకు గడ్డి పరిచి, నలభై యాభై మూటల జొన్నలు పోసి, మూతి మీద బండ వేసి మన్ను మెత్తుతారు. ఏడాది దాటినా పురుగు పట్టదు. శనగ వచ్చి జొన్నను తరిమేశాక మా సీమలో పాతరలు చాలావరకు పూడిపోయాయి. ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, అవుకు పక్క పాత ఇళ్లలో కొన్ని మిగిలాయి. వాటిలో గింజలు మంచివా కావా తేల్చాలి. పాతరకు ఒక్క పట్టీ మాత్రమే వాడాలని, ఒక్కటి కూడా వృథా చేయొద్దని సారు మాట.

పాతరల గురించి నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మా నాయన ఏసయ్య పాతరలో దిగే మనిషి. ఊళ్లో ఎవరి పాతర తెరిచినా ఆయనే దిగాలి. దానికొక కట్టుబాటు ఉంది. మెడ దగ్గర గింజలు, గోడకు అంటుకున్న గింజలు, అడుగు గింజలు దిగినవాడివి. అదే వాడి కూలి. నడిమి గింజలు ఇంటివాళ్లవి. నడుమ నుంచి వచ్చిన మొదటి గంపలోంచి ఆ ఇంటి పెద్దామె దోసెడు గింజలు తీసి, ఆ పూట వాకిట్లో ఉన్న చుట్టం చేతిలో పోస్తుంది. అది ఆ ఇంటి మర్యాద.

మెడకూ గోడకూ మన్ను తేమ తగులుతుంది. అక్కడి గింజలు నల్లబడి, పచ్చబడి, గడ్డలు కట్టి ఉంటాయి. వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. గుంతలోంచి గింజలు అందించేవాడు మా నాయనే, అయినా మాకు అందింది ఎప్పుడూ ఆ గడ్డలే. వాటిని ఎండబెట్టి, రాయితో నలిపి, నాలుగు నీళ్లు కడిగి తినేవాళ్లం. ప్రతి ఏడూ పాతర తెరిచాక నెల రోజులు మా ఇంట్లో కడుపునొప్పి, బేదులు. మా నాయన దానికి 'పాతర కడుపు' అని పేరు పెట్టాడు. ఎండాకాలం వెనక వానాకాలం వచ్చినట్టు అదీ వస్తుంది, పోతుంది. మేము దాన్ని జబ్బు కింద జమకట్టలేదు.

ఊరు మాత్రం మా అమ్మ చేతిని తప్పుపట్టింది. "కమలమ్మ చేతి కూడు తింటే చెంబు పట్టాల్సిందే" అని నవ్వుకునేవాళ్లు. అంతకు మూడేళ్ల ముందు బడిలో మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు మా అమ్మ వంటకు పేరిచ్చింది. "మీ ఇంట్లోనే యాడాదికోసారి అందరికీ బేదులు, పిల్లోల్లకు నువ్వేం వండి పెడతావ్?" అని పంపించేశారు. అసలు కారణం వేరే ఉందని చెప్పినవాళ్లకూ తెలుసు, విన్నవాళ్లకూ తెలుసు. ఈ కారణం అయితే నోటితో అనడానికి వీలుగా ఉంది. ఆ రోజు మా అమ్మ ఇంటికొచ్చి కుండలన్నీ బూడిదతో తోమింది. తోమినవాటినే మళ్లీ తోమింది. నేను పక్కనే కూర్చుని చూశాను.

ఇంత తెలిసిన నేను చేసిన ఘనకార్యం చెబుతాను. మొదటి పాతర ఉయ్యాలవాడ పక్కన ఒక ఊళ్లో. మెడలో బ్యాడ్జీ, చేతిలో డబ్బా పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. ఆ ఇంటి పెద్దామె మొదటి గంపలోంచి దోసెడు జొన్నలు తీసి, నవ్వుతూ నా చేతుల్లో పోసింది. నంద్యాల నుంచి వచ్చిన మేడమ్‌ని కదా. అలాంటి వాకిళ్లలో మా అమ్మ దోసిలి పడితే పైనుంచి నీళ్లు పోశారు తప్ప గింజలు పోసినవాళ్లు లేరు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు చాలా సంతోషమైంది. ఆ దోసెడు గింజలనే దంచి పరీక్ష చేశాను. గీత పచ్చగా మెరిసింది.

రెండో ఊళ్లోనూ అంతే, మూడో ఊళ్లోనూ అంతే. ఏడు ఊళ్లలో ఏడు దోసిళ్లు పుచ్చుకున్నాను, ఏడుసార్లూ గీత మెరిసింది. పాతర జొన్నలు నిక్షేపంగా ఉన్నాయని సారు రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. ప్రతి పాతర దగ్గరా ఒక పక్కన గోనెపట్టా మీద నల్లగడ్డలు కుప్పపోసి ఉండేవి, ఎవరో ఒకామె వాటిని చితక్కొడుతూ ఉండేది. నేను ఒక్కసారి కూడా అటు చూడలేదు.

ఎనిమిదో పాతర మా ఊరిది.

ఆళ్లగడ్డలో బస్సు దిగి, షేర్ ఆటోలో మా ఊరు చేరేసరికి తెల్లారి ఏడు గంటలైంది. రోహిణి కార్తె చివరి రోజులు. నల్లమల మీద అప్పటికే మబ్బు నల్లగా పట్టింది. పాతర రామాంజనేయులిది. నలభై ఎకరాల నల్లరేగడి, రెండు ట్రాక్టర్లు ఉన్న మనిషి. ఆ ఇంటి పెద్ద మాత్రం ఆయన కాదు, ఎనభై ఏళ్ల వాళ్లమ్మ నరసింహమ్మ. ఒకసారి బండ లేపారంటే ఆ పొద్దుకే పాతర ఖాళీ చేయాలి. లోపలికి వాన నీళ్లు దిగితే నలభై మూటలూ మట్టిపాలే.

మా నాయన బండ పక్కకు జరిపి, గాలి ఆడేదాకా ఆగి, వెలిగించిన లాంతరును తాడు కట్టి లోపలికి దింపాడు. మూసిపెట్టిన పాతరలో చెడ్డగాలి ఉంటుంది. లాంతరు వెలుగుతూ ఉంటే మనిషి దిగవచ్చు. ఆరిపోతే దిగకూడదు, దిగితే పైకి వచ్చేది శవమే. ఒక బీడీ కాల్చేంతసేపు లాంతరును లోపలే ఉంచి, అది వెలుగుతూనే ఉందని చూసుకుని, నడుముకు తాడు కట్టుకుని దిగాడు.

ముందుగా మెడ గింజలు, పైగోడకు అంటుకున్న గింజలు పైకి వచ్చాయి. నల్లటి పెచ్చులు. వాటిని వాకిలి మూలకు మోసి మా అమ్మ పరిచిన గోనెపట్టా మీద పోశారు. మా అమ్మ కొంగు ముక్కుకు కట్టుకుని రాయితో కొట్టడం మొదలుపెట్టింది. తర్వాత నడుమ నుంచి మొదటి గంప వచ్చింది. నరసింహమ్మ లేచి దోసెడు గింజలు తీసి నా వైపు వచ్చింది.

"ఏసయ్య కూతురివి గదూ నువ్వు? పట్టు" అంది.

పట్టాను. చేతులు తగలకుండా జానెడు ఎత్తు నుంచి పోసింది. నాలుగు గింజలు నేల మీద పడ్డాయి. ఏడు ఊళ్లలో నేను నంద్యాల మేడమ్‌ని, ఇక్కడ మాత్రం ఏసయ్య కూతురిని. మనసు చివుక్కుమంది, అయినా దంచాను, కుదిపాను, చుక్కలు వేశాను, డబ్బాలో పెట్టి చూశాను. గీత మెరిసింది. మెరిసిందంటే మంచివేనని చెప్పాను.

"మా అత్త తవ్విచ్చిన పాతర. బంగారమే గానీ వేరే ఉంటుందా?" అంది నరసింహమ్మ.

రామాంజనేయులు డబ్బాలోకి తొంగి చూసి మురిసిపోయాడు. ట్రాక్టరు డ్రైవరు శ్రీశైలాన్ని పిలిచి చూపించాడు. ఆ సందడిలో మూల నుంచి దగ్గు వినిపించింది. మా అమ్మ గడ్డ పగలగొడితే పచ్చటి దుమ్ము లేచింది. ఆ దుమ్ములో కూర్చుని దగ్గుతూ నా వైపు చూసి నవ్వుతోంది. కూతురు గొప్ప పనేదో చేస్తోందని నవ్వుతోంది.

ఏడు పాతరలు చూశానని ఇన్నాళ్లూ అనుకున్నాను. నేను చూసింది చుట్టాలకు పెట్టే గింజలను. ఏ గింజలు తిని ఇరవై ఏళ్లు కడుపు పట్టుకుని మెలికలు తిరిగానో వాటిని ముట్టుకోనైనా లేదు.

నా సంచిలో ఇంకొక్క పట్టీ ఉంది. అది మర్నాడు అవుకు దగ్గర తొమ్మిదో పాతరకు. దాన్ని చేతిలోకి తీసుకుని మా అమ్మ దగ్గరికి నడిచాను.

"ఏందీ, ఏం చేస్తాండావ్ ఆడ?" అన్నాడు రామాంజనేయులు.

"ఇవి కూడా సూడాలన్నా."

"అవెందుకు? అవి మావి కాదు గదా. దిగినోడివి. మా పాతర పరీచ్చ అయిపోయింది, నువ్వింక పోవచ్చు."

"మీవి కాదు గదా. నేను సూస్తే మీకేం నొప్పి?"

ఆయన ముఖం ఎర్రబడింది. ఈ గొడవ లోపలికి వినిపించి మా నాయన తాడు పట్టుకుని పైకి వచ్చాడు. ఒంటినిండా దుమ్ము. నా చేతిలో నల్ల గింజలు చూడగానే సంగతి అర్థమైంది.

"వద్దు లూదియా. ఆడ పెట్టెయ్" అన్నాడు.

"నాయనా, ఒక్క పావుగంట."

"పావుగంటలో నువ్వు చెడ్డవని చెప్తావ్. నంద్యాలకు పోతావ్. ఉండే మూడు మూటలూ పోతే మేమేం తినాల? నీ పట్టీలు తినాల్నా? ముప్పై ఏండ్లు తిన్యాం ఇవే. సచ్చినామా?"

అడిగింది న్యాయమే. జవాబు మా అమ్మ దగ్గర ఉంది.

"నేను సచ్చినా" అంది. ముక్కుకు కట్టుకున్న కొంగు విప్పింది. "బడికాడ నన్ను యెల్లగొట్టిన పొద్దు సచ్చినా. నా చేతిలోనే ఏదో రోగముందని నేనే నమ్మి, రాత్రీ పగలూ చేతులు రుద్దుకున్యా. దంచు మే. నువ్వు దంచకుంటే నేను దంచుతా."

అని నా చేతిలోని గింజలు లాక్కుని తనే రోట్లో వేసి దంచింది. ముప్పై ఏళ్ల కాపురంలో మా అమ్మ మా నాయన మాటకు అడ్డం రావడం నేను చూడటం అదే మొదటిసారి.

నేను పిండిని కుదిపి చుక్కలు వేశాక పావుగంట ఎవరూ కదలలేదు. గింజలు తోడే పని ఆగిపోయింది. నేను పట్టీని డబ్బాలో పెట్టగానే రామాంజనేయులు నన్ను తోసుకుని ముందుగా కంతలోకి చూశాడు.

"పైదొక్కటే మెరుస్తాంది. కింద ఏమీ లే!" అని గట్టిగా నవ్వాడు. "సూడండప్పా! విషమూ లే, గిషమూ లే. ఏందో కొంప మునిగినట్టు అరిసె!"

శ్రీశైలమూ చూశాడు. నిజమే, ఏమీ లేదన్నాడు. నరసింహమ్మ ఊపిరి పీల్చుకుంది.

"మెరవకపోతేనే చెడ్డదన్నా. విషం ఉంటే గీత ఆరిపోతుంది" అన్నాను.

"ఇదేం తిరకాసు? విషముంటే కనపడాల గానీ, కనపడకుంటే ఉన్నట్టెట్లా? ఇందాక ఒక మాట, ఇప్పుడొక మాట. మీ అమ్మ దంచింది గదా అని తీర్పు తిప్పుతాండావా?"

వాకిట్లో ఉన్నవాళ్లంతా ఆయన వైపే తలలు ఊపారు. మళ్లీ మళ్లీ చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు. మాట్లాడేకొద్దీ నా గొంతు పెరిగింది, వాళ్ల నవ్వూ పెరిగింది. నాకు ఏడుపొచ్చేట్టయింది, ఏడవకూడదని పళ్లు బిగబట్టాను.

అప్పుడు మా నాయన వచ్చి డబ్బా అందుకున్నాడు. కంతకు కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. తర్వాత పక్కనే నేల మీదున్న లాంతరును చూశాడు.

"ఆరిపోతే దిగకూడదు" అన్నాడు.

"ఏందిరా?" అన్నాడు రామాంజనేయులు.

"ముప్పై ఏండ్లుగా లాంతరు దింపుతాండా అప్పా. యెలిగితే దిగుతా. ఆరితే దిగను. చెడ్డగాలి మాత్రం కంటికి కనపడుతుందా? దీపం ఆరితేనే గదా ఉందని తెలిసేది. ఇదీ అంతే." డబ్బా జాగ్రత్తగా నా చేతికి ఇచ్చాడు. "దీపం ఆరినాక గూడా నేను మూటలు మూటలు ఇంటికి మోసి, పెండ్లాం బిడ్డలకు పెట్టినా."

డిగ్రీ చదివిన నేను ఇంతమందికి చెప్పలేకపోయింది, సారు రెండుసార్లు చదువుకున్నది, బడి ముఖం చూడని మా నాయన ఒక్క చూపులో పట్టుకున్నాడు. వాకిట్లో నవ్వులు ఆగిపోయాయి. ఊళ్లో ప్రతి మనిషికీ లాంతరు సంగతి తెలుసు. పట్టీ గురించి చెప్పడానికి ఇక ఏమీ మిగలలేదు.

మా నాయన నడుముకున్న తాడు విప్పి, మడతపెట్టి, పాతర మూతి పక్కన పడేసి ఉన్న బండ మీద కూర్చున్నాడు. బీడీ వెలిగించాడు.

"కూర్చుంటివేంది? మబ్బు సూడు. బేగా దిగు" అన్నాడు రామాంజనేయులు.

"దిగను."

"ఏమన్యావ్?"

"దిగనంటాండా."

"దుడ్లు కావాల్నా? చెప్పు. ఈ పొద్దుకు ఎంత కావాల?"

"దుడ్లు వద్దు. దిగినోడికి నడిమి గింజలు. మెడా, గోడా, అడుగూ మీ కండ్లముందే మన్నులో పూడ్చాల. గొడ్లకు గూడా పెట్టొద్దు."

రామాంజనేయులుకు మాట రాలేదు. వచ్చాక బూతులు వచ్చాయి. అవి ఇక్కడ రాయను, మీకు తెలిసినవే. పల్లెలో నువ్వొక్కడివే మగోడివా అని, శ్రీశైలాన్ని దిగమన్నాడు. శ్రీశైలం చొక్కా విప్పి ముందుకు వచ్చాడు. మా నాయన అడ్డుపడలేదు. లేచి, లాంతరు, తాడు మర్యాదగా అతని చేతికిచ్చాడు.

"పో నాయనా. పోయే ముందర ఒక మాట. గింజల్లో అడుగు యాడ పెట్టాల్నో తెలుసుకోని పెట్టు. తప్పు తావులో పెడితే జొన్నలు నిన్ను నిలువునా మింగుతాయి. నేను ఇద్దర్ని బయటికి తీసినా. ఒకడే బతికినాడు."

శ్రీశైలం మూతిలోంచి లోపలికి చూశాడు. లాంతరు కింద పెట్టి చొక్కా వేసుకున్నాడు. ట్రాక్టరు తోలమంటే తోలుతాను గానీ ఇది నా పని కాదన్నాడు.

నరసింహమ్మ అరుగు దిగి వచ్చింది. "ఏసయ్యా, మా అత్త కాలం నుంచి ఉండే ఆచారం రా ఇది. నీ నాయనా ఇట్లే తీసుకున్యాడు, నువ్వూ ఇట్లే తీసుకుంటివి. ఇప్పుడేం కొత్త?"

మా నాయన తల దించుకున్నాడు. ఆమె ముందు మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు. మా అమ్మ మాట్లాడింది.

"మీ అత్త కాలం నుంచీ మా కడుపుల్లో నొప్పి గూడా ఉంది అవ్వా. దాన్నీ ఆచారమే అందామా? నా చేతి కూడు తింటే చెంబు పట్టాల్నని ఈ వాకిట్లోనే గదా నవ్వినారు. ఆ కూడు మీ పాతర గోడది. చెయ్యి మాత్రమే నాది."

అప్పుడే మొదటి చినుకులు పడ్డాయి. ఎండిన మన్ను మీద రూపాయి బిళ్లలంత చుక్కలు. రామాంజనేయులు టార్పాలిన్ కోసం పరుగెత్తాడు. ఒకరు మూతి మీద చాప పట్టుకున్నారు. నలభై మూటల జొన్నలు నోరు తెరుచుకుని వానకు ఎదురుచూస్తున్నాయి, మా నాయన బండ మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. ఆ బీడీకి చినుకు తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇయ్యిరా! వాడడిగింది ఇయ్యి. పాతర తడిసినాక ఏం చేసుకుంటావ్?" అని కొడుకు మీద అరిచింది నరసింహమ్మ.

ఆమె మనసు కరిగి ఆ మాట అనలేదు. మబ్బు కరుగుతోందని అంది. మాకు అదైనా చాలు.

అప్పుడు కూడా మా నాయన వెంటనే లేవలేదు. "ముందర మూడు మూటలు కమలమ్మకు. ఆ వెనక మీవి" అన్నాడు. రామాంజనేయులు తల ఊపాకే తాడు కట్టుకుని దిగాడు. టార్పాలిన్ కింద మొదటి గంప పైకి వచ్చింది. మా అమ్మ సంచి మూతి తెరిచి పట్టుకుంది. గంప తెచ్చిన శ్రీశైలం దాన్ని సంచిలోకి వంచాడు. తెల్లటి జొన్నలు, ముత్యాల్లాంటివి. మా అమ్మ గుప్పెడు తీసి వాసన చూసి, నోట్లో నాలుగు వేసుకుని నమిలింది. "జొన్నలు ఇట్ల తియ్యగుంటాయా?" అని నన్ను అడిగింది. యాభై ఏళ్ల మనిషి, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి జొన్నలే తిన్న మనిషి. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఈ రోజుకీ తలచుకుంటే వస్తుంది.

వాన ముదిరేలోగా పాతర ఖాళీ అయింది. నల్లగడ్డలను ఊరిబయట గుంత తీసి పూడ్చారు. ఆ ఏడు మా ఇంట్లో పాతర కడుపు రాలేదు. వీధిలో ఎవరు కనపడినా మా అమ్మ పిలిచి మరీ సంగటి పెట్టింది. పెట్టాక మర్నాడు పొద్దున వాళ్ల ఇళ్లకు పోయి, "ఏం, చెంబు పట్టినారా?" అని అడిగి వచ్చింది.

నేను మాత్రం మర్నాడు అవుకు పోలేదు. నంద్యాల పోయి సారు ముందు నిలబడ్డాను.

"తొమ్మిదో పాతర పట్టీ ఏమైంది?" అన్నాడు.

"ఎనిమిదో పాతరకే వాడాను సార్. గోడ గింజలకు. గీత ఆరిపోయింది."

"గోడ గింజలు ఎవరూ తినరు కదమ్మా. పారేస్తారు కదా."

"నేను తిన్నాను సార్. ఇరవై ఏళ్లు."

ఆయన కళ్లజోడు తీశాడు. చెడ్డమనిషి కాదు, ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆయనకు తెలియదు. చెప్పాల్సినదాన్ని నేనే, చెప్పలేదు. టైపు చేసి సిద్ధంగా ఉన్న రిపోర్టు ఆయన బల్ల మీద ఉంది. దాన్ని నా వైపు తిప్పుకుని, ఎర్రపెన్నుతో ఏడు వరసలూ కొట్టేశాను. ఆయన వద్దనే లోపలే కొట్టేశాను.

"నాకు ఇంకో ఎనిమిది పట్టీలు కావాలి, ఆ ఏడు ఊళ్లకు ఏడు, అవుకుకు ఒకటి. ఇవ్వకపోతే రిపోర్టులో నా పేరు కూడా కొట్టేయండి, తర్వాత నన్ను ఉంచుకుంటారో తీసేస్తారో మీ ఇష్టం" అన్నాను.

ఆయన లేచి పట్టీలున్న బీరువా తెరిచాడు.

మొదటగా ఉయ్యాలవాడ పక్క ఊరికే పోయాను, నా తప్పు మొదలైన చోటికే. పెద్దామె నన్ను గుర్తుపట్టింది. "మళ్లీ వచ్చినావా మేడమ్, కూర్చో" అని అరుగు చూపించి, లోపలికి పోయి దోసెడు జొన్నలు తెచ్చింది. అవే నడిమి గింజలు. అదే నవ్వు. నేను చేతులు చాపలేదు.

"వద్దవ్వా. మీ పాతరలో దిగినాయన ఇల్లు యాడ?"

"వాని ఇంట్లో నీకేం పనమ్మా? ఆ గింజలు నువ్వు ముట్టుకునేవి కాదు. వాకిట్లోకి వచ్చిన చుట్టానివి, పట్టు" అంది దోసిలి ముందుకు చాపి.

"నేను చుట్టాన్ని కాదవ్వా. పాతరలో దిగేటాయన కూతుర్ని. దావ చెప్పు."